కపిల బావి దగ్గర మొదలయ్యే చరిత్ర

తమిళనాట తెలుగువాళ్ళ చరిత్ర గురించి ఎవరు ఎత్తుకున్నా మాట ముందుగా మధుర వైపు పోతుంది. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలై 1736లో రాణి మీనాక్షితో ముగిసిన నాయక రాజ్యం, తిరుమల నాయకుడి మహలు, రాణి మంగమ్మ సత్రాలు, ఆ కొలువులో పుట్టిన తెలుగు వచన కావ్యాలు గుర్తొస్తాయి. అక్కడి నుంచి మాట కోయంబత్తూరుకు మళ్ళుతుంది. 1910లో కుప్పుస్వామి నాయుడు గారు నెలకొల్పిన లక్ష్మీ మిల్లు, 1926లో ఏర్పడిన పి.ఎస్.జి. ధర్మసంస్థ, పీళమేడు కార్ఖానాలు వరసగా వస్తాయి. ఇవన్నీ నిజంగా చెప్పుకోదగ్గవే. కానీ 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని రాయించుకున్న తమిళనాడు వాసులు దాదాపు 42 లక్షల మంది. వాళ్ళందరూ మహలు కట్టించినవాళ్ళ సంతతీ కాదు, మిల్లు పెట్టినవాళ్ళ సంతతీ కాదు. కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు జిల్లాల నుంచి దిండుగల్లు మీదుగా మధుర దాకా ఊరి చివర వాడల్లోనూ, నగరాల్లో పారిశుధ్య కార్మికుల ఇళ్ళ వరసల్లోనూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే అరుంధతీయులు ఉన్నారు. ఆంధ్ర, తెలంగాణల్లో మాదిగలు ఏ పని చేశారో వీళ్ళూ తరతరాలుగా అదే తోలుపని, పొలంపని చేశారు. ఇప్పుడు ఎక్కువమంది చేతిలో ఉన్నది చీపురు. ఈ వాడల పిల్లలకు తమ చరిత్ర ఎవరు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదే ఈనాటి విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అది వాడలోనే, అక్కడి చదువుకున్న యువతీయువకులే నడిపే సాయంత్రపు బడిలో, పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగులో మొదలవ్వాలి. వీరుల పేర్ల కన్నా ముందు తాతముత్తాతల పని గురించి చెప్పాలి. చెప్పినదానికి ఆధారమేమిటని పిల్లలు అడిగేలా చెప్పాలి.

పని నుంచి మొదలుపెట్టాలని ఎందుకంటున్నానో కోయంబత్తూరు చుట్టూ ఉన్న కొంగునాడు వ్యవసాయమే చెబుతుంది. అది వాన తక్కువ నేల. పశ్చిమ కనుమల నీడలో ఉన్న ఆ మెట్టను పచ్చగా ఉంచింది లోతైన దిగుడు బావులు. ఆ బావుల్లోంచి నీళ్ళు పైకి తెచ్చింది కపిల. ఎద్దుల జత వాలుబాట మీద కిందికి నడుస్తుంటే మోకు లాగుకుంటూ నీళ్ళ బాన పైకి వచ్చేది. దాని అడుగున తోలు తొండం విప్పుకొని నీళ్ళు కాలువలో పడేవి. ఆ తోలును ఊనబెట్టి, పదును చేసి, నీరు కారకుండా కుట్టింది అరుంధతీయులు. తోలు చిరిగితే మళ్ళీ కుట్టిందీ వాళ్ళే. తెల్లవారకముందే ఎద్దులను తోలింది కూడా చాలాచోట్ల వాళ్ళే. ఏడాది ఒప్పందం మీద ధాన్యం కూలికి పాలేర్లుగా ఉండి ఆ పని చేశారు. చచ్చిన పశువు తోలు ముట్టుకున్నందుకు ఊరు వాళ్ళను అంటరానివాళ్ళంది, అదే తోలులోంచి పడిన నీళ్ళతో పండిన జొన్న మాత్రం అందరి ఇళ్ళలోనూ ఉడికింది. 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరుకు చేరింది. 1937లో పీళమేడులో జి.డి. నాయుడు గారి కార్ఖానాలో దేశంలోనే తొలి విద్యుత్ మోటారు తయారైందని చెప్పుకుంటాం. తర్వాతి దశాబ్దాల్లో పంపుసెట్ల పరిశ్రమకు కోయంబత్తూరు పెట్టింది పేరయింది. బావి మీద మోటారు బిగించిన చోటల్లా కపిల మూలపడింది, దాన్ని కుట్టే చేతికి పని పోయింది. ఒకే బావి గట్టు మీద రెండు తెలుగు చరిత్రలు కలుసుకున్నాయి. మోటారు చేసినాయన పేరు అందరికీ తెలుసు, తెలియాలి కూడా. అవినాశి రోడ్డు మీద 2025లో తెరిచిన పెద్ద పైవంతెనకు ఆయన పేరే పెట్టారు. కానీ శతాబ్దాల పాటు ఆ నేలకు నీళ్ళందించిన చర్మకారుల పనితనాన్ని, సాంకేతిక జ్ఞానమనీ అది తమ వాళ్ళదనీ వాడ పిల్లవాడికి చెప్పే చోటు ఏదీ లేదు. ఆ పిల్లవాడికి తెలిసిందల్లా తోలు ముట్టుకోవడం అవమానమని ఊరు చెప్పిన మాటే.

ఈ లోటును సాహిత్యం కొంతవరకు పూడ్చింది. పెరుమాళ్ మురుగన్ రాసిన ‘కూళమాదారి’ నవల కొంగు ప్రాంతపు రైతుల దగ్గర మేకలు కాసే అరుంధతీయ పిల్లల జీవితం. ఇంగ్లీషులోకి కూడా వెళ్ళిన గొప్ప రచన అది. అయితే దాన్ని రాసింది ఆ వాడ బయటి రచయిత. అది ఆయన తప్పేమీ కాదు, ఆయన చూపించిన సానుభూతి నిజమైనది. నా ప్రశ్న వేరు. ఒక సమాజపు పిల్లలు పుస్తకంలో తమను చూసుకోవాలంటే బయటివాళ్ళ దయ మీదే ఆధారపడే పరిస్థితి ఎంతకాలం? సరిగ్గా ఈ ప్రశ్నే నూరేళ్ళ కిందట అమెరికాలో నల్లజాతి ఉపాధ్యాయులు వేసుకున్నారు.

కార్టర్ జి. వుడ్సన్ తల్లిదండ్రులు బానిసత్వం చవిచూసినవాళ్ళు. ఆయన బొగ్గు గనుల్లో పనిచేసి, ఇరవై ఏళ్ళ వయసులో ఉన్నత పాఠశాలలో చేరి, 1912లో హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. నల్లజాతికి చరిత్రే లేదని విశ్వవిద్యాలయాలు నమ్ముతున్న కాలంలో 1915లో ఒక చరిత్ర సంఘం పెట్టారు, మరుసటి ఏడాది ఒక పరిశోధన పత్రిక, 1926లో నల్లజాతి చరిత్ర వారోత్సవం మొదలుపెట్టారు. అదే 1976 నాటికి నెలరోజుల ఉత్సవంగా పెరిగింది. ఆ వారం నిలబడటానికి కారణం వేదికల మీది ఉపన్యాసాల కన్నా, ఊరూరా టీచర్లకూ చర్చి సంఘాలకూ ఆయన పంపిన బొమ్మలు, పాఠాలు, చిన్న నాటికలు. 1937లో ఆయన బడి పంతుళ్ళ కోసమే మరో పత్రిక తెచ్చారు. పరిశోధకుడు రాసింది పిల్లవాడి చేతికి చేరేదాకా పని పూర్తికానట్టేనని ఆయన గ్రహించారు. 1964 వేసవిలో మిసిసిపీ రాష్ట్రంలో స్వేచ్ఛా పాఠశాలలు వెలిశాయి. చర్చి నేలమాళిగల్లో, ఇళ్ళ వసారాల్లో, చెట్ల కింద నలభైకి పైగా బడులు నడిచాయి, రెండువేల మందికి పైగా చదువుకున్నారు. అక్కడి పాఠ్యప్రణాళికలో సగం ప్రశ్నలే. మనకు లేనిదేమిటి, తెల్లవాళ్ళకున్నదేమిటి, వాళ్ళకున్నదాంట్లో మనం కోరుకోనిది ఏమైనా ఉందా అన్న ధోరణిలో సాగేవి. పిల్లలు తమ పత్రికలు తామే అచ్చువేసుకున్నారు. ఇంగ్లండులో కరీబియన్ దీవుల నుంచి వలసవచ్చిన కుటుంబాల పిల్లలను మందబుద్ధుల బడులకు తోసేస్తున్నారని బెర్నార్డ్ కోర్డ్ 1971లో ఒక చిన్న పుస్తకంలో బయటపెట్టారు. అంతకు రెండేళ్ళ ముందే లండన్‌లో జాన్ లా రోజ్ తన ఇంట్లో శనివారం బడి మొదలుపెట్టారు. అలాంటి బడులు తర్వాత చాలా నగరాలకు పాకాయి. వీటన్నిటిలోనూ నాకు ముఖ్యంగా కనిపించే సంగతి ఒకటుంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకం మారేదాకా వాళ్ళు ఆగలేదు. సాయంత్రమో సెలవురోజో ఒక గది చూసుకొని పని మొదలుపెట్టారు. పాఠ్యపుస్తకాలు తర్వాతెప్పుడో వాళ్ళ వెనక వచ్చాయి.

ఇదంతా అమెరికా సరుకు, మనకెందుకని ఎవరైనా అనుకోవచ్చు. ఈ రెండు పోరాటాల మధ్య రాకపోకలు కొత్తవి కావు. జోతిరావు ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ని, బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి అమెరికా నల్లజాతివాళ్ళు పెడుతున్న వినతి గురించి ఆరా తీశారు. వాడ బడి కూడా మనకు అరువు వస్తువేమీ కాదు. 1920లలో మద్రాసు శాసనమండలిలో కూర్చున్న అరుంధతీయ నాయకుడు ఎల్.సి. గురుస్వామి తన వాళ్ళకోసం మద్రాసులో రాత్రి బడులు నడిపారు. పగలంతా పనికి పోయే పిల్లలకు పగటి బడి అందదని ఆయనకు తెలుసు. తన సమాజాన్ని అవమానకరమైన పేర్లతో పిలవొద్దని వాదించినవాళ్ళలో కూడా ఆయన ముందున్నారు. వుడ్సన్ వారోత్సవం పుట్టిన దశాబ్దంలోనే మద్రాసు దీపాల కింద అలాంటి పనే జరిగింది. ఆ సంగతి మనకు తెలియకపోవడమే నా వాదానికి మొదటి సాక్ష్యం.

ఇప్పుడు గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యడానికి వీల్లేదు. పసిపిల్లలకు కులం చరిత్ర చెప్పి వాళ్ళ మనసుల్లో కులం నాటడం ఎందుకన్నది ఆ ప్రశ్న. తమిళనాడులో ఈ భయానికి కారణం ఉంది. 2023 ఆగస్టులో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని, అతని చెల్లెలిని తోటి విద్యార్థులే ఇంటికొచ్చి నరికారు. తర్వాత ప్రభుత్వం నియమించిన జస్టిస్ చంద్రు కమిటీ 2024లో నివేదిక ఇచ్చింది. కులాన్ని చాటే రంగు తాళ్ళు చేతికి కట్టుకోకూడదనీ, బడుల పేర్లలోంచి కులం పేర్లు తీసెయ్యాలనీ చెప్పింది. మంచి సలహాలే. మరి వాడ బడిలో చెప్పే చరిత్ర కూడా ఒక రంగు తాడు అయిపోదా? అయ్యే ప్రమాదం ఉంది, ఆ చరిత్రను మా వీరుడు మీ వీరుడి కన్నా గొప్పవాడన్న పోటీగా చెబితే. తాడు చెప్పేది ఒక్కటే, నేను నీకన్నా పైవాణ్ణని. చరిత్ర పాఠం అందుకు ఎదురుగా నడవాలి. ఒకరిని పైన, ఇంకొకరిని కింద ఎవరు నిలబెట్టారు, ఎందుకు నిలబెట్టారు, అందువల్ల ఎవరికి లాభం వచ్చిందన్నది అది అడగాలి. కపిల బావి పాఠం సరిగ్గా చెబితే గౌండర్ రైతు బిడ్డకూ, నాయుడు గారి మనవడికీ, అరుంధతీయ బాలికకూ అందులో చోటుంటుంది, ఎందుకంటే ఆ బావి లేకుండా ముగ్గురి ఇళ్ళలోనూ పొయ్యి వెలగలేదు. పైగా వాడ పిల్లలకు కులం గురించి మనం చెప్పకపోతే వాళ్ళకు తెలియదనుకోవడం మన అమాయకత్వం. టీ కొట్టు దగ్గరా, బడిలో మరుగుదొడ్డి కడగమన్నప్పుడూ, పేరు పెట్టి పిలిచే తీరులోనూ వాళ్ళకు అది రోజూ తెలుస్తూనే ఉంటుంది. తెలియనిదల్లా దానికో పుట్టుక ఉందని, దాన్ని ఎదిరించినవాళ్ళున్నారని.

దీని వెంటే మరో సందేహం వస్తుంది. చెప్పడానికి ఆధారాలేవి? రాజుల చరిత్రకు శాసనాలున్నాయి, వీళ్ళకు ఉన్నది పాటలూ కథలే కదా అంటారు. పాలెగాడు పులిదేవర్ పక్కన నిలిచి పోరాడిన ఒండివీరన్‌కు పాళయంకోటలో స్మారక మండపం ఉంది, 2022లో తపాలా బిళ్ళ వచ్చింది. ఆయన గురించిన వివరాలు ఎక్కువగా ప్రాంతీయ జ్ఞాపకంలోనూ పాటల్లోనూ నిలిచినవే. శివగంగ రాణి వేలునాచ్చియార్ సేనలో ఒంటికి నిప్పంటించుకొని ఇంగ్లీషువాళ్ళ మందుగుండు కొట్టును పేల్చేసిన కుయిలి ఏ సమాజం బిడ్డ అన్నదాని మీద ఇప్పటికీ వాదులాట ఉంది. ఈ బలహీనతను దాచిపెట్టడం తప్పని నా నమ్మకం. వాడ బడికి ఇది లోపం కాదు, అసలైన పాఠం ఇక్కడే ఉంది. మధుర వీరన్ కథే తీసుకుందాం. మీనాక్షి అమ్మవారి గుడి తూర్పు గోపురం దగ్గర ఆయనకు చిన్న గుడి ఉంది. ఊళ్ళల్లో కావలి దేవుడిగా కొలుస్తారు. 1956లో ఎం.జి.ఆర్. నటించిన సినిమాతో ఆ కథ తమిళనాడంతా పాకింది. చర్మకారుల ఇంట పెరిగిన యువకుడు, నాయకరాజు కూతురు బొమ్మిని ప్రేమించి లేవదీసుకుపోతాడు. ఆపైన మధురలో దొంగలను అణచివేస్తాడు. అక్కడే వెళ్ళైయమ్మాళ్ అనే ఆమెను ప్రేమించి, రాజాజ్ఞతో కాలూ చెయ్యీ నరికించుకొని చనిపోతాడు. ఎక్కువగా వినిపించే కథనంలో అతను పుట్టుకతో కాశీరాజు కొడుకు. పేగు మెడకు చుట్టుకొని పుట్టాడని, అది అపశకునమని అడవిలో వదిలేస్తే చర్మకార దంపతులు తెచ్చి పెంచుకున్నారంటుంది. మరో కథనంలో అతను ఆ ఇంటి బిడ్డే.

వాడ బడిలో పదేళ్ళ పిల్లలు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని ఏం అడగగలరో ఆలోచించండి. వీరుడికి రాజపుట్టుక ఎందుకు కావలసి వచ్చింది? మామూలు చర్మకారుడి కొడుకు రాజు కూతుర్ని పెళ్ళాడాడంటే వినేవాళ్ళకు ఏం ఇబ్బంది కలిగింది? కథను ఎవరు మార్చి ఉంటారు, ఎప్పుడు? కొన్ని కథనాల్లో వీరన్ తిరుచ్చిలో విజయరంగ చొక్కనాథుడి కొలువులో ఉండి, అక్కడి నుంచి మధురలో తిరుమల నాయకుడి దగ్గరకు వెళతాడు. తిరుమల నాయకుడు 1659లో చనిపోయాడు, విజయరంగ చొక్కనాథుడు 1706లో గాని గద్దెనెక్కలేదు. ఇద్దరూ ఒకే కథలో ఎలా కలిశారో పిల్లలే లెక్కవేసి పట్టుకోగలరు. అలా పట్టుకున్న పిల్లవాడికి కథ అబద్ధమై పోదు. జనం దేన్ని మరిచిపోవడానికి ఒప్పుకోలేదో ఆ కథ చెబుతుందని అర్థమవుతుంది. కోటలో పుట్టనివాడు కోట లోపలికి వెళ్ళినందుకు వేసిన శిక్షను ఆ గుడి ఈనాటికీ గుర్తుపెట్టుకుంది. మధుర నాయకుల తెలుగు వైభవాన్ని పొగిడే మన సభల్లో ఈ కథ ఎప్పుడైనా వచ్చిందా? అదీ తెలుగు చరిత్రే. బొమ్మి తండ్రీ తెలుగువాడే, ఆమెను తీసుకుపోయినవాణ్ణి పెంచిన ఇల్లూ ఈనాడు ఎంతోమంది అరుంధతీయులు తమదని చెప్పుకునే ఇల్లే.

తెలుగు అన్న మాట దగ్గరకొచ్చాం కనక, అందరికన్నా నొప్పి కలిగించే అభ్యంతరం అరుంధతీయుల నుంచే వస్తుందని ఒప్పుకోవాలి. మమ్మల్ని తెలుగువాళ్ళనడమే ప్రమాదం, మేం ఆది తమిళులం అంటారు వాళ్ళలో ఒక పెద్ద పాయ. కోయంబత్తూరు కేంద్రంగా పనిచేసే ఆది తమిళర్ పేరవై పేరులోనే ఆ వాదం ఉంది. వాళ్ళ భయం ఊహ కాదు. 2023 ఫిబ్రవరిలో ఈరోడు తూర్పు ఉప ఎన్నిక ప్రచారంలో ఒక పార్టీ నాయకుడు, అరుంధతీయులు ఆంధ్ర నుంచి పారిశుధ్యం పనికి వచ్చినవాళ్ళని సభలో అన్నాడు. దాని మీద కేసు నమోదైంది. నీకు ఇక్కడి నేల మీద హక్కు లేదనడానికి ఇంటిభాషను సాక్ష్యంగా వాడే రాజకీయమిది. కులాల మీద థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన గ్రంథాల నాటి నుంచి వలస సిద్ధాంతం ఒకటి పుస్తకాల్లో తిరుగుతూనే ఉంది, దాన్ని కాదనే పరిశోధకులూ ఉన్నారు. మన తెలుగు సంఘాలు ఇక్కడ తమ అత్యాశను తగ్గించుకోవాలి. జనాభా లెక్కలో అంకె పెంచుకోవడానికి అరుంధతీయులను తెలుగువాళ్ళని పిలిచి, ఉగాది సభలో వేదిక మీద కుర్చీ వెయ్యకపోతే ఆ పిలుపుకు విలువ లేదు. వాడ పిల్లలు తమిళులా తెలుగువాళ్ళా అన్న తీర్పు ఇచ్చే పని వాడ బడిది కాదు. అమ్మమ్మ మాట్లాడే మాటను ఆ పిల్లవాడు సిగ్గుపడకుండా నలుగురిలో పలకగలగాలి, అంతే. ఎక్కడి నుంచి వచ్చారన్నదానికి ఒకటి కన్నా ఎక్కువ జవాబులున్నాయనీ, ఏ జవాబు నిజమైనా ఇక్కడి నేలను తడిపినవాడి హక్కు తగ్గదనీ బడి చెప్పాలి. 2006 చట్టంతో తమిళం బడుల్లో తరగతి తర్వాత తరగతిగా తప్పనిసరి అయింది. వాడల పిల్లల్లో తెలుగు లిపి వచ్చినవాళ్ళు చాలా తక్కువ. అందుకని లిపి దగ్గర పట్టుపట్టకూడదు. తెలుగు మాటను తమిళ లిపిలోనే రాసుకోనివ్వాలి. కథ చేతికొచ్చాక లిపి నేర్చుకుందామనుకునే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే అడుగుతారు.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇంకా సూటిది. చరిత్ర చదివితే ఉద్యోగం వస్తుందా? చీపురు పట్టిన చేతులు తమ పిల్లల చేతికి పుస్తకమిచ్చినప్పుడు లెక్కలూ ఇంగ్లీషూ ముందు రావాలనుకోవడం న్యాయం. సాయంత్రం బడిలో మొదటి గంట వాటికే పోవాలి, అందులో నాకు రెండో మాట లేదు. అయితే చరిత్ర చదువుకు అడ్డం పడుతుందన్న భావానికి ఆధారం లేదు, తోడ్పడుతుందనడానికి కొంత ఉంది. సాన్‌ఫ్రాన్సిస్కోలో చదువులో వెనకబడిన తొమ్మిదో తరగతి పిల్లలకు తమ సమాజాల చరిత్ర పాఠం పెట్టినప్పుడు ఏం జరిగిందని థామస్ డీ, ఎమిలీ పెనర్ పరిశీలించారు. వాళ్ళ అధ్యయనం 2017లో అచ్చయింది. హాజరు 21 శాతం పాయింట్లు పెరిగిందనీ, మార్కులూ మెరుగయ్యాయనీ వాళ్ళు తేల్చారు. కొద్ది బడుల మీద చేసిన పరిశీలన అది, పద్ధతి మీద విమర్శలూ వచ్చాయి. కనక అదే ఫలితం ఇక్కడా వస్తుందని నేను చెప్పను. కానీ బడి మానేసే పిల్లవాడు ఎందుకు మానేస్తాడో ఆలోచిస్తే అందులో ఆశ్చర్యమేమీ కనపడదు. తనను గురించి ఒక్క మంచి వాక్యం కూడా లేని చోట ఏ మనిషైనా ఎన్నేళ్ళు కూర్చుంటాడు?

ఉద్యోగం మాటకొస్తే, ఈ సమాజానికి ఉద్యోగాల తలుపు తెరిచిందే చరిత్ర తెలిసినవాళ్ళ పోరాటం. షెడ్యూల్డ్ కులాలకున్న 18 శాతం రిజర్వేషన్లలో తమ వాటా తమకు అందడం లేదని అరుంధతీయులు ఏళ్ళ తరబడి పోరాడారు. జస్టిస్ జనార్దనం నివేదిక తర్వాత 2009లో తమిళనాడు శాసనసభ చట్టం చేసి, అరుంధతీయర్, చక్కిలియన్, మాదారి, మాదిగ, పగడై, తోటి, ఆది ఆంధ్ర అన్న ఏడు పేర్లవాళ్ళకు అందులో 3 శాతం ప్రత్యేకించింది. ఆంధ్రలో 1994లో ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అడిగింది ఇదే. అక్కడి చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పును పక్కనపెట్టి, ఉపవర్గీకరణ రాజ్యాంగ సమ్మతమేనని చెప్పింది. ఈ వరస తెలియని పిల్లవాడు కాలేజీ సీటు దొరికినప్పుడు తోటివాళ్ళ ఎత్తిపొడుపుకు తలదించుకుంటాడు, తెలిసిన పిల్లవాడు దాని లెక్క చెప్పగలడు. 2019 డిసెంబరు 2 తెల్లవారుజామున మేట్టుపాళయం దగ్గర నాడూరులో వానకు నానిన ఎత్తైన గోడ వాడ ఇళ్ళ మీద కూలి 17 మంది చనిపోయారు. ఆ గోడ తమను దూరం పెట్టడానికే కట్టిందని వాడవాళ్ళు అన్నారు. ఈ సంగతి పిల్లలకు చెప్పకుండా దాచాలా? ఆ వాడల పిల్లలు ఇంట్లో రోజూ వింటున్న దుఃఖమది. దాన్ని చట్టంతో, నష్టపరిహారంతో, ప్రభుత్వానికి అర్జీ ఎలా రాయాలన్న దానితో కలిపి పెద్ద పిల్లలకు చెప్పడమే వాళ్ళకు చెయ్యగల మేలు. కోలార్ బంగారు గనుల్లో పారిశుధ్యం పనిచేసే తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, చేతులతో మలం ఎత్తే పనిని ఆపాలని దేశమంతా ఉద్యమం నడిపి 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. ఆయన నడిపించిన సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులోనే, మురుగు గుంతల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో ఇంకో తీర్పు దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ పాఠం ఏ వాడ పిల్లవాడికీ పరాయిది కాదు.

ఇక ఈ పని చేసేదెలాగో చూద్దాం. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. కరోనా తర్వాత 2021 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన ‘ఇల్లం తేడి కల్వి’ పథకంలో వాలంటీర్లు సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఇళ్ళ దగ్గరే ఎనిమిదో తరగతి లోపు పిల్లలను కూర్చోబెట్టారు. వీధిలోకే బడి రాగలదని ఆ పథకం చూపింది. ఆ అలవాటు ఉన్న వాడల్లో వారానికి ఒక్క సాయంత్రం చాలు. చెప్పేది వాడలో పుట్టి కాలేజీ చదివిన అమ్మాయీ అబ్బాయీ అయితే మంచిది. వాళ్ళకు కావలసిన పాఠాలు తయారుచేసి ఇవ్వడం విశ్వవిద్యాలయాల చరిత్ర, తెలుగు శాఖల బాధ్యత, వుడ్సన్ తన టీచర్లకు పంపినట్టు. కోయంబత్తూరు, మధురల్లో నిధులూ హాళ్ళూ ఉన్న తెలుగు సంఘాలు ఖర్చు పెట్టాలి, పాఠంలో ఏముండాలన్న నిర్ణయం మాత్రం వాడ చేతిలోనే వదలాలి. డబ్బిచ్చినవాడే కథ కూడా చెబితే, వీరన్‌కు కాశీరాజు కొడుకన్న పుట్టుక ఇచ్చినట్టే అవుతుంది.

అన్నిటికన్నా తొందరగా చెయ్యవలసిన పని ఒకటుంది. కపిల తోలినవాళ్ళు, బాన కుట్టినవాళ్ళు, ఏడాది పాలేరుతనానికి ఎన్ని వల్లాల ధాన్యం వచ్చేదో చెప్పగలిగినవాళ్ళు కొంగునాటి వాడల్లో ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. అందరూ వయసు మీరినవాళ్ళే. వాళ్ళు చెప్పేది తెలుగులో చెబుతారు, పొలం మాటలు మాత్రం తమిళంలో వస్తాయి. ఆ రెండూ తెలిసిన మనవలూ మనవరాళ్ళే వాళ్ళను అడగగలరు. సెల్‌ఫోన్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. ఏ తోలు ఎన్నిరోజులు ఊనబెట్టేవాళ్ళు, ఏ చెట్టు బెరడు వేసేవాళ్ళు, కుట్టుకు దారమెక్కడిది, ఎద్దులను తోలుతూ ఏ పాట పాడేవాళ్ళు, పంపుసెట్టు వచ్చిన ఏడాది ఇంట్లో ఏం తిన్నారు అని అడిగి రికార్డు చేసుకోవడం ఈ వేసవి సెలవుల్లోనే మొదలుకావాలి. వాడ బడికి మొదటి పాఠ్యపుస్తకం ఆ జవాబుల్లోంచే తయారవుతుంది.